అమ్మానాన్నల బీమాకు జబ్బు కన్నా తేదీ ముఖ్యం!

సన్నీవేల్ (కాలిఫోర్నియా): ఎండలు ముదిరాయంటే సన్నీవేల్ పార్కుల్లో సాయంత్రాలు తెలుగు మాటలతో కళకళలాడతాయి. ఆర్టెగా పార్కులో నడకకు వచ్చినా, పెర్షియన్ డ్రైవ్‌లోని గుడికి వెళ్లినా మన పెద్దవాళ్లు గుంపులుగా కనిపిస్తారు. 'మీదే ఊరండీ' అని మొదలైన మాట రెండు నిమిషాల్లో షుగరు మీదకి, బీపీ మీదకి, మోకాళ్ల మీదకి మళ్లుతుంది. అక్కడి నుంచి 'ఇన్సూరెన్స్ తీసుకున్నారా?' అనే ప్రశ్న వస్తుంది. అంతే, ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. షుగరుంటే ఎవరూ ఇవ్వరండీ అని ఒకరు, మా అల్లుడు ఆన్‌లైన్లో తీసేశాడు, అన్నీ కవరవుతాయట అని ఇంకొకరు, 65 దాటితే మెడికేర్ ఉంటుంది కదా అని మరొకరు. ఈ మూడు మాటల్లోనూ కొంత నిజం ఉంది, కొంత పొరపాటూ ఉంది. ఆ పొరపాటు విలువ ఒక్కోసారి లక్ష డాలర్లు, ఒక్కోసారి ప్రాణం.

అందుకే ఈసారి మేము ఈ విషయం మీదే కూర్చున్నాం. ముందుగా ఒక్క మాట. అమెరికాలో పెద్దవాళ్ల బీమా విషయంలో 'ఏం జబ్బుంది?' అన్నది ఇప్పుడు రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న 'చేతిలో ఏ కాగితం ఉంది, అది ఏ తేదీన వచ్చింది?' అన్నది. కాగితం మారితే అదే షుగరుకు, అదే గుండెకు, అదే మనిషికి సమాధానం మారిపోతుంది.

పాత రోజులు ఎలా ఉండేవంటే...

ఇప్పటి కుర్రాళ్లకు తెలియకపోవచ్చు కానీ, 2014కు ముందు కాలిఫోర్నియాలో సొంతంగా పాలసీ కొనాలంటే పరీక్షలో కూర్చున్నట్టే ఉండేది. దరఖాస్తులో జబ్బులన్నీ రాయాలి. షుగరుందని రాస్తే చాలు, మర్యాదగా ఒక ఉత్తరం వచ్చేది: మీకు పాలసీ ఇవ్వలేము అని. గ్రీన్‌కార్డు ఉన్న తల్లిదండ్రులకూ అదే గతి. అలా కాదన్న వాళ్ల కోసం రాష్ట్రం 1991లో మేజర్ రిస్క్ మెడికల్ ఇన్సూరెన్స్ ప్రోగ్రామ్ అని ఒకటి పెట్టింది. అందులో చేరడానికి వెయిటింగ్ లిస్టు, చేరాక ఏడాదికి 75,000 డాలర్ల పరిమితి. ఒక్క బైపాస్ ఆపరేషన్‌తో ఏడాది కోటా అయిపోయేది.

2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన అఫర్డబుల్ కేర్ యాక్ట్ ఈ తంతుకు తెర దించింది. 2014 జనవరి నుంచి సాధారణ హెల్త్ ప్లాన్లు పాత జబ్బుందని కాదనకూడదు, ఎక్కువ డబ్బు అడగకూడదు. వయసును బట్టి ప్రీమియం పెంచుకోవచ్చు గానీ, దానికీ గీత ఉంది. పెద్దల రేటు 21 ఏళ్ల యువకుడి రేటుకు మూడు రెట్లు దాటకూడదు. 64 ఏళ్లు, ఆపైన అందరూ ఒకే రేటు కిందకు వస్తారు. అంటే 64 ఏళ్లాయనకు ఎంతో 78 ఏళ్లాయనకూ అంతే.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఈ రక్షణ ఇక్కడ నివాసం ఉండే వాళ్లకు. ఆరు నెలలు ఉండి వెళదామని బి-2 వీసా మీద వచ్చే మన అమ్మానాన్నలు ఇంకా 2014కు ముందున్న ప్రపంచంలోనే ఉన్నారు. వాళ్లు కొనే విజిటర్స్ ఇన్సూరెన్స్‌కు ఈ చట్టం వర్తించదు.

విజిటర్స్ ఇన్సూరెన్స్: అమ్మేటప్పుడు అడగరు

సన్నీవేల్ లాంటి ఊళ్లో ఈ వర్గమే పెద్దది. కారణం మనకు తెలిసిందే. తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు పెట్టాలంటే కొడుకో కూతురో అమెరికా పౌరులై ఉండాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి. హెచ్-1బి మీద వచ్చి, గ్రీన్‌కార్డు క్యూలో పది పదిహేనేళ్లుగా నిలబడిన వాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! పిల్లల జుట్టు నెరుస్తోంది, అమ్మానాన్నలు డెబ్భై దాటుతున్నారు, వీసా మాత్రం విజిటర్ వీసాయే.

వీరికి దొరికే పాలసీలు రెండు రకాలు. ఒకటి ఫిక్స్‌డ్ బెనిఫిట్. చౌక. డాక్టరు దగ్గరకు వెళితే ఇంత, ఎక్స్‌రేకు ఇంత, ఆస్పత్రిలో రోజుకు ఇంత అని రాసి ఉంటుంది. బిల్లు ఎంత వచ్చినా ఇచ్చేది అంతే, మిగతాది మనమే కట్టుకోవాలి. రెండోది కాంప్రహెన్సివ్. డిడక్టిబుల్ పోను మిగతా బిల్లులో పెద్ద భాగం పాలసీ పరిమితి వరకు కడుతుంది. ఖరీదు ఎక్కువే. కానీ బే ఏరియా ఆస్పత్రి ఖర్చులు చూసినవాళ్లెవరూ మొదటి రకం తీసుకోమని చెప్పరు.

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ఈ పాలసీలు కొనేటప్పుడు చాలావరకు జబ్బుల గురించి ఒక్క ప్రశ్నా వేయవు. పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు నంబరు, క్రెడిట్ కార్డు... అయిదు నిమిషాల్లో పాలసీ ఈమెయిల్‌లో ఉంటుంది. దాంతో 'ఏమీ అడగలేదు, అంటే అన్నీ కవరైనట్టే' అనుకుంటాం. కాదండీ. అమ్మేటప్పుడు అడగరు, క్లెయిము పెట్టినప్పుడు అడుగుతారు. ఇండియా నుంచి పాత రికార్డులు తెప్పించమంటారు. ఇక్కడి ఆస్పత్రి కాగితాల్లో 'పేషెంటుకు పదేళ్లుగా డయాబెటిస్' అన్న ఒక్క వాక్యం చాలు, ఫైలు పక్కకు వెళ్లడానికి. కొన్ని పాలసీల నిర్వచనం మరీ విశాలం. మీకు తెలిసినా తెలియకపోయినా, పాలసీ మొదలవక ముందు ఒంట్లో ఉన్న జబ్బు పాత జబ్బే అని రాసి ఉంటుంది.

మరి పాత జబ్బులకు అసలేమీ రాదా అంటే, మంచి కాంప్రహెన్సివ్ పాలసీల్లో 'అక్యూట్ ఆన్‌సెట్ ఆఫ్ ప్రీ-ఎగ్జిస్టింగ్ కండిషన్స్' అని ఒక అంశం ఉంటుంది. తెలుగులో చెప్పాలంటే, ముందునుంచీ ఉన్న జబ్బు ముందస్తు హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా తిరగబెట్టడం. నిన్నటిదాకా మామూలుగా ఉన్న మనిషికి ఇవాళ గుండెపోటు వచ్చింది, పక్షవాతం వచ్చింది, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లారు, అలాంటిది. రోజువారీ షుగరు చెకప్పు, బీపీ మందులు, నెమ్మదిగా ముదిరే కిడ్నీ జబ్బు, వాయిదా వేసుకోగల ఆపరేషన్ ఇవేవీ దీని కిందకు రావు. వయసు పరిమితులూ ఉంటాయి. 70 దాటాక చాలా పాలసీల్లో ఈ అంశం తగ్గిపోతుంది లేదా తీసేస్తారు. మొత్తం పాలసీ పరిమితి కూడా 70 దాటాక, 80 దాటాక తగ్గుతూ వస్తుంది. కాబట్టి కొనేముందు అమ్మగారి వయసుకు ఈ అంశం కింద ఎంత ఇస్తారో పాలసీ పత్రంలోనే చూసుకోవాలి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉన్న అంకె చూసి మోసపోవద్దు.

దాచిన నొప్పికి డబ్బు రాదు

ఈ అంశంలో ఇంకో షరతు ఉంది. మేము ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. నొప్పి మొదలైన 24 గంటల్లోపు వైద్యం తీసుకోవాలి అని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది.

మన అమ్మానాన్నల స్వభావం మనకు తెలియనిదా? ఛాతీలో బరువుగా ఉంటే గ్యాసు అనుకుంటారు. వాము నీళ్లు తాగుతారు. పిల్లాడికి ఆఫీసులో మీటింగులున్నాయి, కోడలికి సెలవు లేదు, ఇక్కడ డాక్టరంటే వేలల్లో అవుతుందట, ఇంకో మూడు వారాల్లో ఊరెళ్లిపోతాం కదా, అక్కడ మన డాక్టరుగారికే చూపించుకుందాం అని ఓర్చుకుంటారు. నాలుగో రోజు రాత్రి ఇక ఓర్చుకోలేక చెబుతారు. అప్పుడు 911కి ఫోను చేస్తాం. ఎమర్జెన్సీలో నర్సు అడుగుతుంది: ఎప్పటి నుంచీ ఉంది? 'నాలుగు రోజులైందమ్మా' అని నిజం చెబుతారు. ఆ మాట రికార్డులోకి ఎక్కుతుంది. 24 గంటల షరతు అక్కడితో పోయింది.

అబద్ధం చెప్పమని మేము అనడం లేదు. చెప్పకూడదు కూడా. డాక్టరుకు అబద్ధం చెబితే వైద్యమే దారి తప్పుతుంది. మేము అనేది ఒక్కటే. మొదటి రోజే చెప్పేలా చూడండి. వాళ్లు విమానం దిగిన వారంలోనే కూర్చోబెట్టి, 'నాన్నా, మీరు దాచిపెడితే మాకు డబ్బు మిగలదు, రెండింతలు పోతుంది' అని అర్థమయ్యే లెక్కలో చెప్పండి. ఖర్చుకు భయపడి దాచే మనిషికి ఖర్చు భాషే తలకెక్కుతుంది. నిజానికి వైద్యం కోసమైనా, క్లెయిము కోసమైనా మొదటి రోజు వెళ్లడమే మేలు.

ఎమర్జెన్సీ గురించి ఇంకో మాట. 1986లో వచ్చిన ఎమ్టాలా అనే ఫెడరల్ చట్టం ప్రకారం మెడికేర్ తీసుకునే ఏ ఆస్పత్రి ఎమర్జెన్సీ విభాగమైనా, వచ్చిన మనిషిని పరీక్షించి ప్రాణాపాయం తప్పించాలి. ఇన్సూరెన్స్ లేదనో, వీసా విజిటర్‌దనో పంపేయకూడదు. కాబట్టి కార్డు వెతుక్కుంటూ ఇంట్లో ఆగవద్దు. అయితే చూస్తారంటే ఉచితమని కాదు. బిల్లు వస్తుంది.

ఆ బిల్లు చూసి బెంబేలెత్తి వెంటనే క్రెడిట్ కార్డు తీయకండి. కాలిఫోర్నియాలో 2007 నుంచి హాస్పిటల్ ఫెయిర్ ప్రైసింగ్ చట్టం అమల్లో ఉంది. ఆదాయం ఒక పరిమితి లోపు ఉన్న రోగులకు ఆస్పత్రులు చారిటీ కేర్ గానీ తగ్గింపు గానీ ఇచ్చే విధానం పెట్టుకోవాలి. ఆ పరిమితి 2022 నుంచి ఫెడరల్ పేదరిక రేఖకు నాలుగు రెట్లు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది రోగి కుటుంబ ఆదాయం. అంటే నాన్నగారిది, అమ్మగారిది. ఉద్యోగం చేసే కొడుకు జీతం ఆ నిర్వచనంలో లేదు. పింఛను మీద బతికే మాస్టారు గారికి ఇది పెద్ద ఊరట కావచ్చు. ప్రతి అంశం విడివిడిగా ఉన్న బిల్లు అడగండి, ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం అడగండి. ఆస్పత్రిలో చేర్చే కంగారులో ఇచ్చే కాగితాల్లో 'గ్యారంటర్' అన్న మాట ఉందేమో చదివాకే సంతకం పెట్టండి.

గ్రీన్‌కార్డు వచ్చాక: మొదటి ఐదేళ్లు

పిల్లలు పౌరులై, అమ్మానాన్నలకు గ్రీన్‌కార్డు వచ్చిందనుకుందాం. ఇప్పుడు కథ మారింది. అదే షుగరు, అదే స్టెంట్ ఉన్నా ఏ కంపెనీ కాదనడానికి లేదు. కానీ మెడికేర్ మాత్రం ఇంకా రాదు. 65 దాటినా సరే. ఇక్కడ సొంతంగా పనిచేసిన చరిత్ర లేని గ్రీన్‌కార్డుదారులు దరఖాస్తుకు ముందు వరుసగా ఐదేళ్లు అమెరికాలో నివాసం ఉండాలి. ఈ ఐదేళ్లు ఎలా గడపాలన్నదే ప్రశ్న. కాలిఫోర్నియాలో మూడు దారులున్నాయి.

మొదటిది కవర్డ్ కాలిఫోర్నియా. గ్రీన్‌కార్డు వచ్చినా, కొత్తగా ఇక్కడికి నివాసానికి వచ్చినా ఆ రోజు నుంచి 60 రోజుల్లో చేరవచ్చు, వార్షిక గడువు కోసం ఆగనక్కర్లేదు. ఆ 60 రోజులు దాటితే మాత్రం వచ్చే ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఖాళీయే. సబ్సిడీ వస్తుందా అన్నది పన్ను రిటర్ను మీద ఆధారపడుతుంది. అమ్మానాన్నలను మీ రిటర్నులో డిపెండెంట్లుగా చూపిస్తే లెక్క మీ జీతంతో కలిపి వేస్తారు. సన్నీవేల్ సాఫ్ట్‌వేర్ జీతాలకు ఫెడరల్ సబ్సిడీ రావడం కష్టం. కరోనా కాలంలో పెంచిన అదనపు సబ్సిడీలు కూడా 2025 డిసెంబరుతో ముగిశాయి. పన్ను మిగులుతుందని డిపెండెంట్లుగా చూపించే ముందు రెండు లెక్కలూ వేయించుకోండి.

రెండోది, చాలామందికి తెలియని దారి. ఆఫీసు గ్రూపు ప్లాన్‌లో అమ్మానాన్నలను చేర్చుకోవడం సాధారణంగా కుదరదు. కానీ మీరు సొంత వ్యాపారమో కన్సల్టింగో చేసుకుంటూ ఇండివిడ్యువల్ ప్లాన్ కొనుక్కుంటున్నారా? అయితే ఏబీ 570 అనే కాలిఫోర్నియా చట్టం మీ కోసమే. 2021లో ఆమోదం పొంది, 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. పన్ను చట్టం ప్రకారం మీ మీద ఆధారపడి, ఆ ప్లాన్ పనిచేసే ప్రాంతంలో ఉండే తల్లిదండ్రులను ఆ ఇండివిడ్యువల్ ప్లాన్‌లో చేర్చుకోవచ్చు.

మూడోది మెడి-కాల్. ఫెడరల్ డబ్బుతో నడిచే మెడికెయిడ్‌కు కొత్త గ్రీన్‌కార్డుదారులు ఐదేళ్లు ఆగాలి. కాలిఫోర్నియా మాత్రం ఆ ఐదేళ్లలో రాష్ట్ర నిధులతో మెడి-కాల్ ఇస్తూ వచ్చింది. అయితే అందరికీ కాదు, ఆదాయం తక్కువ ఉన్నవాళ్లకు. 65 దాటిన వారికి 2024లో ఎత్తేసిన ఆస్తి పరిమితి 2026 జనవరి నుంచి మళ్లీ వచ్చింది. ఒకరికి 1,30,000 డాలర్లు, ఇంట్లో అదనంగా ఉన్న ఒక్కొక్కరికీ 65,000. విజయవాడలో ఫిక్స్‌డ్ డిపాజిట్లు, హైదరాబాద్ శివార్లలో ప్లాట్లు ఉన్న మన పెద్దవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దరఖాస్తులో ఆస్తులు అడిగితే విదేశంలోవీ చెప్పాల్సిందే. మెడి-కాల్ నిబంధనలు 2025 బడ్జెట్ నుంచి తరచూ మారుతున్నాయి కాబట్టి పక్కింటివాళ్లకు వచ్చిందని మనకూ వస్తుందనుకోవద్దు, కౌంటీ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. ఇంకో సంగతి. మీరు సంతకం పెట్టిన ఐ-864 స్పాన్సర్ పత్రం ఉత్త కాగితం కాదు. వాళ్లు పౌరులయ్యే వరకో, 40 క్వార్టర్ల పని లెక్క పూర్తయ్యే వరకో ఆ హామీ మీ మీద ఉంటుంది.

మెడికేర్: కొడుకు కట్టిన పన్ను నాన్నకు రాదు

ఐదేళ్లు నిండాయి. 'మా అబ్బాయి పాతికేళ్లుగా ఇక్కడ పన్నులు కడుతున్నాడు, మాకు మెడికేర్ ఉచితం కాదా?' ఇది మేము తరచూ వినే మాట. న్యాయంగానే అనిపిస్తుంది. కానీ చట్టం అలా లేదు. ఆస్పత్రి ఖర్చుల పార్ట్ ఎ ప్రీమియం లేకుండా రావాలంటే 40 క్వార్టర్లు, అంటే సుమారు పదేళ్ల పని, తనదో జీవిత భాగస్వామిదో ఉండాలి. ఉద్యోగం చేస్తున్న పిల్లల లెక్క తల్లిదండ్రులకు బదిలీ కాదు. ఇండియాకూ అమెరికాకూ సోషల్ సెక్యూరిటీ టోటలైజేషన్ ఒప్పందం లేదు కనుక అక్కడ చేసిన ముప్ఫై ఏళ్ల ఉద్యోగమూ లెక్కలోకి రాదు.

మరి కొనుక్కోవాలి. 2026 రేట్ల ప్రకారం 30 క్వార్టర్ల కన్నా తక్కువ ఉన్నవారికి పార్ట్ ఎ నెలకు 565 డాలర్లు, 30 నుంచి 39 ఉన్నవారికి 311 డాలర్లు. డాక్టర్ల ఖర్చులకు పార్ట్ బి అందరికీ మామూలుగా 202.90 డాలర్లు. పని లెక్క ఏమీ లేని ఒక మనిషికి రెండూ కలిపి నెలకు 767.90. అమ్మా నాన్నా ఇద్దరికీ 1,535.80. మందుల పార్ట్ డి దీనికి అదనం. పార్ట్ ఎ వద్దనుకుని పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు గానీ, పార్ట్ ఎ కొనాలంటే మాత్రం పార్ట్ బి ఉండి తీరాలి. ఆదాయం బాగా తక్కువ ఉన్నవాళ్లకు మెడికేర్ సేవింగ్స్ ప్రోగ్రామ్ ద్వారా ఈ ప్రీమియాలు రాష్ట్రమే కట్టే ఏర్పాటుంది. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో పార్ట్ ఎ విషయంలో ఆ పద్ధతి సులువైంది.

ఇక్కడే తేదీలు ముఖ్యం. అర్హత వచ్చే నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు, మొత్తం ఏడు నెలలు చేరడానికి గడువు. గ్రీన్‌కార్డు మీద వచ్చిన పెద్దవాళ్లకు ఈ గడువు 65వ పుట్టినరోజు చుట్టూ కాకుండా ఐదేళ్లు నిండే నెల చుట్టూ వస్తుంది. పుట్టినరోజైతే అందరికీ గుర్తుంటుంది, గ్రీన్‌కార్డు తేదీ ఎవరికి గుర్తుంటుంది? ఆ ఏడు నెలలు దాటితే జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య జనరల్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. పైగా పార్ట్ బి ఆలస్యమైన ప్రతి 12 నెలలకూ 10 శాతం చొప్పున ప్రీమియం పెరుగుతుంది, అదీ పార్ట్ బి ఉన్నంతకాలం. కవర్డ్ కాలిఫోర్నియా ప్లాన్ ఉంది కదా అని ఆగిపోయినా ఈ జరిమానా తప్పదు.

ఈ ఐదేళ్ల మధ్యలో ఊరికి వెళ్లడం గురించి కూడా జాగ్రత్త అవసరం. సంక్రాంతికి వెళ్లి, మామిడిపళ్లు తిని, మనవరాలి పెళ్లి చూసుకుని వద్దామని ఎనిమిది నెలలు ఉండిపోతే వరుస నివాసం తెగిపోయిందనే ప్రశ్న వస్తుంది. ఒక్కో ప్రయాణం ఆరు నెలలు దాటకుండా చూసుకోవడం క్షేమం.

పాత జబ్బు మళ్లీ తలెత్తే చోటు

మెడికేర్ వచ్చాక పాత జబ్బుల గొడవ పోయిందనుకుంటాం. దాదాపు పోయినట్టే. ఒక్క చోట మాత్రం కాచుకుని ఉంటుంది. మెడికేర్ అన్నీ కట్టదు. ఉదాహరణకు 2026లో ఆస్పత్రిలో చేరితే మొదటి 1,736 డాలర్లు రోగి వంతు. డాక్టరు ఖర్చుల్లో సాధారణంగా 20 శాతం రోగి వంతు, దానికి పై పరిమితి లేదు. ఈ సందు పూడ్చడానికి ప్రైవేటు కంపెనీలు మెడిగ్యాప్ పాలసీలు అమ్ముతాయి. 65 దాటి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలపాటు ఏ కంపెనీ అయినా జబ్బులు చూడకుండా ఇవ్వాలి. ఆ ఆరు నెలలు దాటాక వెళితే ఆరోగ్య ప్రశ్నలు అడగవచ్చు, షుగరుంది గుండె ఉంది అని కాదనవచ్చు. 2014కు ముందు కాలం తిరిగొచ్చినట్టే! ఒకసారి మెడిగ్యాప్ ఉన్నవాళ్లకు కాలిఫోర్నియాలో ఏటా పుట్టినరోజు నుంచి 60 రోజుల్లో అదే స్థాయి లేదా తక్కువ స్థాయి పాలసీకి మారే హక్కుంది. మొదట తీసుకోని వాళ్లకు ఆ హక్కు లేదు. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు పాత జబ్బుల వల్ల కాదనవు గానీ, డాక్టర్ల నెట్‌వర్క్ చూసుకోవాలి.

ఊళ్లో పాలసీని వదలకండి

గ్రీన్‌కార్డు రాగానే ఇండియా హెల్త్ పాలసీకి ప్రీమియం ఎందుకు దండగ అని ఆపేసేవాళ్లున్నారు. తొందరపడకండి. మెడికేర్ ఇండియాలో చెల్లదు. ఊరెళ్లినప్పుడు ఒంట్లో బాగోకపోతే అక్కడి పాలసీయే దిక్కు. అక్కడ పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలకు తగ్గింది, అంతకుముందు 48. ఇప్పటికే ఆ కాలం దాటేసిన పాలసీని వదిలి, మూడేళ్ల తర్వాత కొత్తది తీసుకుంటే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఆ నెల నుంచే కొత్త పాలసీకి 65 ఏళ్ల వయోపరిమితి కూడా తీసేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై జీఎస్టీ లేదు. ఊళ్లోనే ఉండే 70 దాటిన పెద్దవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం 2024 అక్టోబరు 29న మొదలైంది. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. అమ్మానాన్నలను ఇక్కడికి రప్పించాలా, అక్కడే చూసుకోవాలా అని ఆలోచించే ఇళ్లలో ఈ సంగతులూ తక్కెడలో వేసుకోవాలి.

పైగా ఇప్పుడు జబ్బు ప్రశ్న వీసా కిటికీ దగ్గరకే వచ్చింది. 2025 నవంబరులో అమెరికా విదేశాంగ శాఖ కాన్సులేట్లకు పంపిన ఆదేశాల్లో షుగరు, గుండె జబ్బుల వంటి దీర్ఘకాలిక సమస్యలకయ్యే ఖర్చును దరఖాస్తుదారు భరించగలరా అన్నది చూడమన్నట్టు వార్తలొచ్చాయి. గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వెళ్లే పెద్దవాళ్ల విషయంలో వైద్యం ఖర్చు ఎలా భరిస్తారో చూపే కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం మంచిది.

ఎవరిని అడగాలి?

మెడికేర్ సందేహాలకు అమ్మకందారును కాకుండా ముందు హైక్యాప్‌ను అడగండి. ఇది ప్రభుత్వ నిధులతో నడిచే ఉచిత సలహా సేవ. ఏదీ అమ్మరు. శాంటా క్లారా కౌంటీలో సోర్స్‌వైజ్ అనే సంస్థ నిర్వహిస్తోంది. రాష్ట్రవ్యాప్త ఫోను నంబరు 1-800-434-0222. తక్కువ ఆదాయం వారికి ఫెయిర్ ఓక్స్ అవెన్యూలో కౌంటీ వారి వ్యాలీ హెల్త్ సెంటర్ సన్నీవేల్ ఉంది.

చివరగా మా మాట. ఇవాళ రాత్రి భోజనాలయ్యాక ఒక కాగితం తీసి నాలుగు గీతలు గీయండి. ఐ-94 గడువు తేదీ, గ్రీన్‌కార్డు మీది తేదీ, దానికి ఐదేళ్లు నిండే నెల, మెడిగ్యాప్ ఆరు నెలలు ముగిసే నెల. మీకు వర్తించేవి నింపండి. దాని కిందే వాడుతున్న మందుల జనరిక్ పేర్లు, ఇన్సూరెన్స్ ఫోను నంబరు రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆఖరి గీత మీద అమ్మకూ నాన్నకూ అర్థమయ్యేలా తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క వాక్యం రాయండి: 'నొప్పి వస్తే ఆ రోజే చెప్పండి.' ఆ ఒక్క గీతకు ఏ ప్రీమియమూ లేదు.